కత్తెరమ్మ గది కిటికీ

కిటికీ హ్యాండిల్ ఊడి చేతిలోకి వచ్చేసరికి కత్తెరమ్మకి ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. బయట వాన దంచేస్తోంది. గాలి అడ్డంగా కొడుతోంది. కిటికీ తలుపేమో సగం తెరుచుకుని, ఇక మూసుకోను ఏం చేసుకుంటావో చేసుకో అన్నట్టు మొండికేసింది. సెలవు రోజు గదా, గదికి కాస్త గాలి ఆడనిద్దామని బుద్ధి పుట్టడమే తప్పయిపోయింది. తువ్వాలు కుక్కింది, అట్టపెట్టె చింపి అడ్డం పెట్టింది, ఆఖరికి ఇస్త్రీ బల్ల జరిపి ఆనించింది. ఏం చేసినా నీళ్ళు గోడ వెంబడి కారి నేల మీదకి చేరుతూనే ఉన్నాయి.

కత్తెరమ్మ అనేది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు లెండి. ఒకప్పుడు ఆ వీధిలో కోట్లూ గౌన్లూ కుట్టడంలో ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు. గుడ్డ మీద సుద్దగీత పడకుండానే కత్తెర ఆడించేది. నోరు కూడా అంతే చురుగ్గా ఆడేది గనక పేరు అతికినట్టు సరిపోయింది. మరి ఇప్పుడో? ఓ పెద్ద బట్టల కొట్లో, కింద బేస్‌మెంటులో, ట్యూబులైట్ల వెలుగులో కూర్చుని పొద్దస్తమానం ఎవరెవరివో ప్యాంట్ల కాళ్ళు మడిచి కుడుతోంది. ఐదేళ్ళుగా అదే పని. ఎందుకలా అయిందంటే ఈ కిటికీల సంగతే చెప్పుకోవాలి.

వాళ్ళాయన పనిచేసేది రెండద్దాల కిటికీలు తయారుచేసే ఫ్యాక్టరీలో. రెండు అద్దాల మధ్య వేలెడు ఖాళీ వదిలి, అందులో పొడిగాలి నింపి, అంచుల చుట్టూ సీలు వేసేస్తారు. చలి రాదు, వేడి రాదు, వీధిలో గోల రాదు. ఆయన అక్కడ చెకింగ్. ఏ అద్దం బాగుందో ఏది బాగాలేదో తేల్చేది ఆయనే. ఆయన మార్కు పడందే ఒక్క అద్దం కూడా గేటు దాటదు. అందరూ ఆయన్ని చెకింగ్ సారనే పిలుస్తారు, ఆయనా ఆ పిలుపుకి ఛాతీ కొంచెం ముందుకి పెట్టుకునే నడుస్తాడు.

ఆరేళ్ళ కిందట భార్య కుట్టుగదికి ఆయనే స్వయంగా కిటికీలు బిగించాడు. రెండు కిటికీలు, ఒక్కోదానికి రెండు తలుపులు. రెండు ఆదివారాలు చెమటోడ్చి, "ఏమోయ్, ఫస్టు క్లాసు సరుకు! నా చేత్తో ఏరి తెచ్చా," అన్నాడు. కత్తెరమ్మ మురిసి ముక్కలైపోయింది. వచ్చిన వాళ్ళందరికీ కొలతలు తీయడం మానేసి కిటికీలు చూపించింది. నల్ల గుడ్డ మీద నల్లదారం కుట్టినా పోగు పోగూ కనపడేంత వెలుగు మరి!

ఏడాది తిరక్కుండానే అద్దాలు మసకేశాయి. గుడ్డ పెట్టి తుడిచింది, పోలేదు. సబ్బునీళ్ళతో కడిగింది, పోలేదు. వెనిగర్ రాసింది, ఊహూఁ. మొగుణ్ణి అడిగితే ఆయన అద్దం దగ్గరికెళ్ళి, వేలితో తట్టి, పెద్ద డాక్టరులా పెదవి విరిచాడు.

"నీ ఇస్త్రీ ఆవిరి. రోజంతా బుస్సు బుస్సుమని వదుల్తావు గదా, అది గాజులోకి దిగిపోయింది."

ఇరవై రెండేళ్ళుగా గాజు మధ్య బతుకుతున్న మనిషి చెప్తే కాదనడానికి ఆవిడెవరు? ఇస్త్రీ వంటింట్లోకి మార్చింది. ఐనా మసక పెరిగింది. గుడ్డలు తడిపి ఆరేయొద్దన్నాడు, మానేసింది. ఆఖరికి, "నలుగురైదుగురు వచ్చి కూర్చుంటే వాళ్ళ ఊపిరి కూడా తేమేగా," అన్నాడు. ఇక్కడ నవ్వాలో ఏడవాలో ఆవిడకి తెలీలేదు. వచ్చిన వాళ్ళని ఊపిరి బిగబట్టుకోమని ఎట్లా చెప్తుంది? ఇంతలో గిరాకీ కూడా పల్చబడింది. ఏళ్ళ తరబడి కుట్టించుకున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు రావడం మానేశారు. వెలుగు లేని గదిలో కుడుతున్నాను గదా, నా చెయ్యే పాడైందేమో అనుకుంది పాపం. ఓ రోజు మిషను మీద దుప్పటి కప్పేసి, పెద్ద కొట్లో పనికి కుదిరింది. ఎవరు పలకరించినా, "మా ఇంటి కిటికీలకి నా పని పడలేదు లెండి," అని జోకేసి తప్పించుకునేది. ఇంటికొచ్చి మొహం కడుక్కుంటున్నట్టు నటిస్తూ ఏడ్చేది.

ఇదీ కథ. ఇప్పుడు మళ్ళీ వాన దగ్గరికి వద్దాం.

మొగుడికి ఫోన్ చేసింది. "ముట్టుకోకు, సాయంత్రం నేనొచ్చి చూస్తా," అన్నాడు. సాయంత్రానికి ఇంకా ఆరు గంటలుంది, ఇల్లు చెరువైపోతుంది, ఎవరినైనా పిలుస్తా అంది. "బయటివాళ్ళనా? చెకింగ్ సారింటికి బయటివాడొచ్చి కిటికీ బాగుచేశాడంటే నా పరువేం కాను? వద్దంటే వద్దు!" అని పెట్టేశాడు.

కత్తెరమ్మ ఫోను వంక చూసింది, నేల మీద నీళ్ళ వంక చూసింది. "పరువు కావాలిట పరువు, వచ్చి తుడవమను," అనుకుని, కింది వాటాలో ఉండే పిన్నిగారిని అడిగి ఒక నంబరు తీసుకుంది. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో కిటికీల విషయంలో మొగుడి మాట జవదాటడం అదే మొదలు.

గంటలో వచ్చిందొక ఆవిడ. యాభై పైబడి ఉంటుంది. భుజాన సామాన్ల సంచి, తల మీద రెయిన్‌కోటు టోపీ, నోట్లో ఎడతెగని మాటలు. కిటికీలావిడ అంటారట అందరూ. గుమ్మంలోనే బూట్లు విప్పి, "ఏం చెల్లెమ్మా, ఏ కిటికీ నిన్ను ఏడిపిస్తోంది?" అంటూ లోపలికి వచ్చేసింది.

హ్యాండిల్ చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఇది ఊడలేదు, నువ్వు లాగి లాగి విరగ్గొట్టావు," అంది.

"నేనా? అది బిగుసుకుపోతే ఏం చెయ్యనక్కా!"

"నీ తప్పని అనట్లేదులే. చూడు, తలుపు కుంగింది. ఈ మూల కిందికి జారి ఫ్రేముకి రాసుకుంటోంది. అద్దం బరువంతా ఒక్క మూల మీదే పడితే ఏ తలుపైనా కుంగుతుంది. బిగించేటప్పుడు అద్దం అంచున ఎదురెదురు మూలల్లో చిన్న ప్లాస్టిక్ ముక్కలు పెట్టాలి, బరువు సర్దుకుంటుంది. ఈ మహానుభావుడు ఆ సంగతే మర్చిపోయాడు. ఎవరమ్మా బిగించింది?"

కత్తెరమ్మ గొంతు సవరించుకుంది. "తెలిసినవాళ్ళే."

"తెలిసినవాళ్ళే ముంచుతారు," అంటూ ఆవిడ వంగి కిటికీ అడుగున తడిమింది. తడిమి, పకపకా నవ్వింది. "ఓర్నాయనో! నీళ్ళు బయటికి పోయే రంధ్రాల మీద సిలికాన్ పూసేశాడు! ముక్కు మూసేసి ఊపిరి పీల్చమంటే ఎట్లా?" చిన్న కత్తితో ఆ జిగురు గీకి పారేసింది. నిలవున్న నీళ్ళు బొళబొళమని బయటికి పోయాయి. గోడ వెంబడి కారడం ఠక్కున ఆగింది.

కత్తెరమ్మకి గొప్ప ఉత్సాహం వచ్చింది. ఆరేళ్ళ బాధ ఆరు నిమిషాల్లో తీరిపోతుంటే రాదూ? ఉన్న రోగాలన్నీ ఏకరువు పెట్టింది. ఆ రెండో కిటికీ సందులోంచి చలిగాలి కొడుతుందంది. రబ్బరు అరిగిందని కిటికీలావిడ చెప్పి, పాతది పీకి కొత్తది వేలితో నొక్కుకుంటూ పోయింది. బందులు కిర్రుమంటున్నాయంది. దుమ్ము దులిపి నూనె చుక్క వేసింది. ఇక ఉండబట్టలేక ఆ మసక సంగతి కూడా ఎత్తింది.

"ఈ మసక మాత్రం ఏం చెయ్యలేం లే అక్కా. నా ఇస్త్రీ ఆవిరి గాజులోకి దిగిపోయింది."

కిటికీలావిడ చేతిలో పని ఆపి తల తిప్పింది. "ఏంటీ?"

"ఆవిరి. నేను బట్టలు కుట్టేదాన్ని. రోజంతా ఇస్త్రీ..."

"ఆగాగు. ఇటు రా." ఆవిడ లేచి, పొడిగుడ్డతో లోపలి వైపు అద్దం తుడిచింది. చెయ్యి బయటికి పెట్టి బయటి వైపు తుడిచింది. "ఇటు తుడిచా, అటు తుడిచా. పోయిందా?"

"లేదు."

"మరి తేమ ఎక్కడుంది?"

"మధ్యలో."

"నీ ఆవిరి ఎక్కడుంటుంది?"

కత్తెరమ్మ తల తిప్పి గదంతా చూసింది.

"గదిలో ఉంటుంది! గదిలో ఆవిరి లోపలి అద్దం మీద పడుతుంది, గుడ్డ పెడితే పోతుంది. నువ్వు ఈ గదిలో హోటలు పెట్టి వంద గిన్నెలు మరగబెట్టినా మధ్యలోకి ఒక్క చుక్క పోదు. సీలు పోతేనే పోతుంది. సీలు ముసలితనంలోనైనా పోవాలి, పుట్టుకతోనైనా పాడై ఉండాలి. ఎవరు చెప్పారమ్మా నీకు ఆవిరని? గాజు మొహం ఎరగనివాడెవడో చెప్పుంటాడు."

కత్తెరమ్మ ఆ మసకద్దం మీద మళ్ళీ వేలు పెట్టి రుద్దింది. గాజు మొహం ఎరగనివాడు! ఆయనకి ఇది తెలీకపోవడమా? ఇదే గదా ఆయన రోజూ చేసే పని! సర్లే, ఇంటి సంగతి గదా, సరిగా చూసుండడు, పొరబడ్డాడేమో అని మనసుకి సర్ది చెప్పుకుంది. ఇరవై నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషి గురించి ఒక్క మాటకే చెడుగా అనుకుంటామా మరి!

ఆ అనుకోవడం పది నిమిషాలు కూడా నిలవలేదు. కుంగిన తలుపు సరిచేయాలంటే అద్దం ఊడదీయాలి, అద్దం ఊడదీయాలంటే దాన్ని పట్టి ఉంచే బీడింగ్ తీయాలి. కిటికీలావిడ ఉలిలాంటి పనిముట్టుతో నాలుగు బీడింగులూ టకటకా లేపేసింది. అద్దాన్ని రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పరిచిన దుప్పటికి ఆనించింది. బీడింగ్ కింద బొటనవేలంత మేర దాగుండే అంచు ఇప్పుడు బయటపడింది.

పై అంచు మీద పసుప్పచ్చ పెయింటుతో ఒక ఇంటూ మార్కు. పక్కన 'సీలు లోపం' అని రెండు మాటలు. ఆ పక్కన, నడుం దగ్గర అడ్డగీత పెట్టిన ఒక ఏడు.

"చూశావా!" అని అరిచినంత పని చేసింది కిటికీలావిడ. "ఇది ఫ్యాక్టరీ వాళ్ళు చెత్తలో పడేసిన సరుకు! చెకింగ్ వాడు పనికిరాదని కొట్టేసి తన నంబరు కూడా వేశాడు, ఏడో నంబరు. పాపం వాడు తన పని సరిగ్గానే చేశాడు. ఎవడో దొంగ ఆ చెత్తకుప్పలోంచి తెచ్చి నీకు అంటగట్టాడు. చెప్పు, ఎవడు వాడు? నేను కడిగేస్తా!"

కత్తెరమ్మ వంగి చూసింది. ఆ అక్షరాలు ఆవిడకి తన చేతి గీతలకన్నా బాగా తెలుసు. రోజూ ఫ్రిజ్ తలుపు మీద 'ఆలస్యంగా వస్తా, 7 అవుతుంది' అని చీటీ అంటించి పోయే చెయ్యి అది. ఆ లావుపాటి సున్నా, ఆ నడుంకట్టు ఏడు, వేరే ఎవరివీ కావు.

"మిగతావి కూడా తియ్యక్కా," అంది.

మిగతా మూడూ తీశారు. మూడింటి మీదా అదే ఇంటూ, అదే ఏడు.

తన చేత్తోనే పనికిరాదని రాశాడు. ఆ చేత్తోనే తెచ్చి భార్య గదికి బిగించాడు. బిగించి ఫస్టు క్లాసన్నాడు. మసకేస్తే నీ వల్లేనన్నాడు. కత్తెరమ్మ కుర్చీలో కూలబడింది. ఇస్త్రీపెట్టె వంటింట్లోకి మోసిన రోజు, మిషను మీద దుప్పటి కప్పిన రోజు, బేస్‌మెంటులో మొదటి ప్యాంటు మడిచిన రోజు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఇంత మోసమా? పక్కన పడుకునే మనిషా?

కిటికీలావిడ లోకం చూసిన మనిషి. ఆ మొహం చూసి ఇక ఆ దొంగెవరని అడగలేదు. ప్లాస్టిక్ ముక్కలు పెట్టి తలుపు సరిచేసి, కొత్త హ్యాండిల్ బిగించి, నాలుగు అద్దాలకీ కొలతలు తీసుకుంది. ఫ్రేములు గట్టివే, అద్దాలు మారిస్తే చాలు, వారంలో తెస్తానంది. మసకద్దాలు తిరిగి పెట్టేటప్పుడు కత్తెరమ్మ, "ఆ మొదటిదానికి పైన బీడింగ్ పెట్టకు," అంది. ఎందుకని అడక్కుండా ఆవిడ పక్కలకీ కిందికీ మాత్రమే బిగించి, పైముక్క టేబుల్ మీద పెట్టేసింది. వెళ్తూ వెళ్తూ కత్తెరమ్మ భుజం మీద చెయ్యేసి, "ముందు ఏదైనా తిను," అంది. అంతకన్నా ఏం చెప్తారు ఎవరైనా?

ఆరింటికి వాళ్ళాయన వచ్చాడు. మెరిసిపోతున్న కొత్త హ్యాండిల్ చూడగానే మొహం మాడ్చుకున్నాడు.

"పిలిచావన్నమాట! వద్దని చెప్పానా లేదా? నా మాటంటే ఈ ఇంట్లో..."

"పైకి చూడండి."

"ఏంటి చూసేది?"

"చూడండి. చెకింగ్ చెయ్యండి. మీ పనేగా."

చూశాడు. పసుప్పచ్చ ఇంటూ, నడుంకట్టు ఏడు. నిలబడ్డ మనిషి అట్లాగే ఇస్త్రీ బల్ల మీద చతికిలబడ్డాడు. అది కూర్చునే బల్ల కాదు, కిర్రుమంది, ఐనా లేవలేదు.

అలా కూర్చునే నోరు విప్పాడు. అద్దాలు తెస్తానని అందరితో చెప్పేశాడట. ఫ్యాక్టరీలో మంచి సరుకు అడిగితే, ఇప్పట్లో కుదరదు పొమ్మన్నారట. చెప్పుకున్న గొప్పలు మింగలేక, తనే పనికిరావని కొట్టేసిన వాటిల్లోంచే కాస్త నయంగా ఉన్నవి నాలుగు ఏరి తెచ్చాడట. పదేళ్ళు ఆగుతాయనుకున్నాడట, ఏడాది కూడా ఆగలేదు. ఆ పెయింటు ఎంత గోకినా పోదు. బీడింగ్ కింద ఎవరు చూస్తారులే అని వదిలేశాడు. ఆ తర్వాత బయటివాడెవడైనా వచ్చి బీడింగ్ తీస్తే తన నంబరు చూస్తాడు, ఆ కబురు ఫ్యాక్టరీకి చేరితే ఉద్యోగం ఊడుతుంది. ఆ భయంతో ఆవిరన్నాడు. ఒకసారి అన్నాక మాట వెనక్కి తీసుకోలేకపోయాడు.

"తప్పయిపోయింది," అన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. నిజం నీళ్ళే.

కత్తెరమ్మ అరిచింది. అరవదా? ఐదేళ్ళకి సరిపడా అరిచింది. "నా పని తినేశారు మీరు! నా చెయ్యి పాడైందని నేను ఏడుస్తుంటే పక్కన కూర్చుని అన్నం తిన్నారు! ఆవిరట ఆవిరి! ఊపిరి కూడా తేమేనట! సిగ్గు లేకపోతే సరి!" కింది వాటాలో పిన్నిగారు టీవీ ఆపేసేంతగా అరిచింది. ఆయన తల దించుకుని అన్నీ పడ్డాడు. అరిచి అరిచి ఆవిడ గొంతు బొంగురుపోయాక, లేచి వెళ్ళి టీ పెట్టుకొచ్చాడు. పెళ్ళయ్యాక ఆయన టీ పెట్టింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

"మళ్ళీ మొదలెట్టు," అన్నాడు. "కొత్తద్దాలు వచ్చాక నీ గది నీకు. నేను అడ్డమొస్తే అడుగు."

మనిషి మనసు చిత్రమైంది. భయపడి అబద్ధం ఆడాడు అనే మాట దగ్గర కత్తెరమ్మ కాస్త మెత్తబడింది. భయం ఆవిడకీ తెలుసు. తనూ ఓసారి ఎవరిదో గౌను తప్పు కత్తిరించి, గుడ్డే అంత వచ్చిందని బుకాయించింది. ఐదేళ్ళు పోయాయి, పోతే పోనీ, చేతులున్నాయి, మిషనుంది అనుకుంది. ఆ టీ తాగింది.

తెల్లారి ఆయన సెలవు పెట్టాడు. కుట్టుగది ఊడ్చి, మిషను మీద దుప్పటి తీసి దులిపి, స్టూలెక్కి కిటికీ ఫ్రేములు తుడవడం మొదలుపెట్టాడు. ఈల కూడా వేస్తున్నాడు. కత్తెరమ్మ బీరువా అడుగు నుంచి పాత కొలతల పుస్తకం తీసింది. పేర్లూ, ఫోను నంబర్లూ, నడుం ఇంత, భుజం ఇంత. చూస్తుంటేనే వేళ్ళు ఉరకలేశాయి. అందరికన్నా ముందు పళ్ళ డాక్టరమ్మకి చెప్పాలనుకుంది. పదేళ్ళు ఆవిడ కోట్లన్నీ కత్తెరమ్మే కుట్టింది. హాల్లోకి వెళ్ళి ఫోన్ చేసింది.

డాక్టరమ్మ గొంతు గుర్తుపట్టి పొంగిపోయింది. "నువ్వా! ఎన్నేళ్ళయింది! ఎలా ఉన్నావమ్మా? కళ్ళెలా ఉన్నాయిప్పుడు?"

"కళ్ళా?"

"ఆపరేషనేమైనా చేయించుకున్నావా? చూపు వచ్చిందా కాస్త?"

కత్తెరమ్మ ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది. "డాక్టరుగారూ, నా కళ్ళకేమైంది?"

"అదేంటమ్మా! మీ ఆయన చెప్పారుగా. మా క్లినిక్‌కి వచ్చి మరీ చెప్పారు. నీకు చూపు మందగించింది, కత్తెర పట్టుకుంటే వేళ్ళు కోసుకుంటోంది, ఆ సంగతి ఎత్తితే రోజంతా ఏడుస్తుంది, దయచేసి కుట్టమని ఎవరూ అడక్కండి అని. మా చెల్లెలికీ చెప్పారు, బ్యాంకులో పనిచేసే వాళ్ళకీ చెప్పారు. అందుకేగా మేమంతా రావడం మానేసింది. నిన్ను బాధపెట్టడం ఎందుకని. అప్పటికి నువ్వింకా కుడుతున్నావు, ఎంత మంచి మొగుడో, ముందే కాపాడుకుంటున్నాడు అనుకున్నాం."

కత్తెరమ్మ ఫోను పెట్టేసింది. గదిలోంచి ఈల వినపడుతోంది.

నిన్నటిది వేరు. నిన్నటిది భయం. ఉద్యోగం పోతుందని భయపడ్డవాడు అద్దాల గురించి అబద్ధం ఆడతాడు. డాక్టరమ్మ క్లినిక్‌కి నడిచి వెళ్ళి, కుర్చీలో కూర్చుని, నా భార్య గుడ్డిదవుతోందని చెప్పాల్సిన పనేముంది?

గది గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. ఆయన స్టూలు మీద అటు తిరిగి ఉన్నాడు.

"ఏమండీ, నా కళ్ళకేమైంది?"

ఈల ఆగిపోయింది. చేతిలో గుడ్డ అద్దం మీదే ఉండిపోయింది. ఇటు తిరక్కుండానే ఆయన అన్నాడు, "ఎవరు చెప్పారు?"

కళ్ళకేమైందని కంగారుపడి స్టూలు దిగలేదు. ఏంటి ఆ పిచ్చి ప్రశ్న అని నవ్వలేదు. ఎవరు చెప్పారని అడిగాడు. కత్తెరమ్మకి ఇంకేం అడగక్కర్లేకపోయింది, ఐనా అడిగింది.

"ఎందుకు?"

ఆయన అద్దానికి చెప్తున్నట్టు చెప్పాడు. "ఇంటికొస్తే కూర్చోడానికి కుర్చీ ఖాళీ ఉండేది కాదు. నీకు నాతో మాట్లాడ్డానికి టైముండేది కాదు. వీధిలో నన్ను కత్తెరమ్మగారాయన అనేవాళ్ళు. ఫ్యాక్టరీలో అంతమంది నన్ను సారంటారు, ఇక్కడ మాత్రం... అద్దాలు మసకేశాక ఎట్లాగూ నువ్వు తగ్గిస్తున్నావు. పూర్తిగా ఆపేస్తే ఇల్లు ఇల్లులా ఉంటుందనుకున్నా." గుడ్డ మడత మార్చి, "ఉంది కూడా," అన్నాడు.

ఆ చివరి మాట కత్తెరమ్మకి సూటిగా వచ్చి తగిలింది. తను మొహం కడుక్కునే నెపంతో ఏడ్చిన ఐదేళ్ళూ ఈ మనిషికి ఇల్లు ఇల్లులా ఉందన్నమాట. తన ఏడుపు వినపడుతూనే ఉందన్నమాట, బాగానే ఉందన్నమాట.

ఈసారి ఆవిడ అరవలేదు. "దిగండి," అంది. దిగాడు. మిషను ముందున్న కుర్చీ లాగి, "కూర్చోండి," అంది. కూర్చున్నాడు. తను కొలతల పుస్తకం తెచ్చి బల్ల మీద తెరిచింది. ముప్పై ఒక్క పేర్లున్నాయి. ఫోను స్పీకర్లో పెట్టి, మొదటి నంబరు నొక్కింది.

"నమస్కారమండీ, నేను కత్తెరమ్మని. నా కళ్ళకేం కాలేదు. ఎప్పుడూ ఏం కాలేదు. మా ఆయన మీకు అబద్ధం చెప్పారు. ఇదిగో, నా ఎదురుగానే కూర్చున్నారు."

అవతలావిడ "అయ్యయ్యో" అంది, గబుక్కున పెట్టేసింది. ఆయన లేవబోయాడు. "కూర్చోండి," అంది కత్తెరమ్మ, తల ఎత్తకుండా. రెండో నంబరు ఎవరూ ఎత్తలేదు. మూడోది ఒక టీచరమ్మది. ఏడేళ్ళపాటు ఆవిడ ఒంటి మీదకి ఎక్కిన ప్రతి గౌనూ కత్తెరమ్మ చేతిలోంచే పోయింది. చాలాసేపు మోగాక ఎత్తింది.

"నమస్కారమండీ, నేను కత్తెరమ్మని."

"ఎవరూ?"

"కత్తెరమ్మనండీ. మీ గౌన్లు కుట్టేదాన్ని."

"ఏ కత్తెరమ్మ?" అంది అవతలి గొంతు. గదిలో ఇద్దరికీ స్పష్టంగా వినపడింది. కత్తెరమ్మ మొగుడి మొహంలోకి చూస్తూ, తనెవరో మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.